మిరపకాయ మీద వేసిన నింద

నా కూతురి అన్నప్రాసనను నేనెంత శాస్త్రీయంగా పాడుచేశానో ఇప్పుడు మీరు చదవబోతున్నారు. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లోవాళ్ళు ఏడాదిగా నవ్వుతూనే ఉన్నారు. ఆ వ్యవహారం ముగిసేసరికి నేను ఇద్దరిని క్షమాపణ అడగాల్సి వచ్చింది. ఒకరు మావారి మేనత్తగారు, రెండోది ఎండుమిరపకాయ. మేనత్తగారు క్షమించారు. మిరపకాయ ఏమనుకుంటోందో ఇంకా తెలియలేదు.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. బరంపురం బజారులో ఓ ఇరుకు సందు. కింద మామయ్యగారి ఎండుమిరపకాయల టోకు కొట్టు, దాని వెనక గోదాము, పైన మా కాపురం. సందు మొదట్లో రిక్షా దిగిన మనిషి మా మెట్లెక్కేలోపల మూడు దగ్గులు, రెండు తుమ్ములు పూర్తిచేస్తాడు. మా తలుపుకు గంట లేదు. దాని అవసరం ఎప్పుడూ రాలేదు. మెట్ల మీద దగ్గు వినిపిస్తే చుట్టాలొచ్చారని అత్తయ్య పొయ్యి మీద టీ పెట్టేస్తుంది. దగ్గు గొంతును బట్టి చక్కెర ఎంత వెయ్యాలో కూడా ఆవిడకు తెలుసు.

నేను పుట్టి పెరిగింది పాత్రపూర్‌లో, వరిచేల గాలిలో. పెళ్ళై ఈ ఇంటికొచ్చిన కొత్తలో మూడు నెలలు ఏకధాటిగా దగ్గాను. పెళ్ళి ఫొటోల తర్వాత తీసిన ప్రతి ఫొటోలోనూ నా నోరు తెరిచే ఉంటుంది. నాలుగో నెలలో ఒక ఉదయం దగ్గు ఆగిపోయింది. ఆ రోజు మామయ్యగారు కొట్లో అందరికీ మిఠాయి పంచి, "మా కోడలు ఇప్పుడు మనింటి మనిషైపోనాది" అని చెప్పుకున్నారట. అది మొదలు నా ముఖం మీద బస్తా దులిపినా నా ముక్కు చలించదు. ఈ మాట దయచేసి గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు. జరిగిన అనర్థమంతా అందువల్లే.

మూడేళ్ళకు మా చిన్ని పుట్టింది, అయిదు వారాల ముందుగా. గుప్పెడంత పిల్ల. ఇంటికి పంపేటప్పుడు పిల్లల డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పారు. చలికాలంలో ఊపిరితిత్తులకు సోకే వైరస్ ఒకటి ఊళ్ళో తిరుగుతుంది. పెద్దవాళ్ళకు వస్తే నాలుగు రోజుల జలుబు, అంతే. నెల తక్కువ పిల్లలకు అదే జలుబు ఛాతీలోకి దిగి, సన్నటి గాలిగొట్టాలు వాచిపోయి, ఊపిరి అందనివ్వదు. అందుకని పిల్లను ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడగాలి. ముఖం మీద ముద్దులు పెట్టనివ్వకూడదు. జలుబున్నవాళ్ళు, ఇంట్లోవాళ్ళైనా సరే, దూరంగా ఉండాలి, తప్పనిసరైతే మాస్కు పెట్టుకోవాలి. జనం తక్కువుండాలి. గదికి గాలి ఆడుతూ ఉండాలి, కిటికీలు తెరిచి ఉంచాలి.

నేను బీయస్సీ చదివినదాన్ని. అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. ఇంటికొచ్చాక ఆ పుస్తకాన్ని మా సందుకు తగ్గట్టు సవరించాను కూడా. కిటికీ తెరిస్తే మిరపకాయ దుమ్ము లోపలికొస్తుంది కాబట్టి కిటికీల మాట కొట్టేశాను. "ఇంట్లోవాళ్ళైనా సరే" అన్నచోట అత్తయ్యను, మామయ్యను, మావారిని ఊహించుకున్నాను. నన్ను నేను ఆ జాబితాలో వేసుకోలేదు. జైలు కాపలాదారు ఖైదీల లెక్కలో తనను కలుపుకుంటాడా చెప్పండి.

మాఘమాసంలో చిన్నికి ఏడో నెల నిండుతుండగా అన్నప్రాసనకు ముహూర్తం పెట్టారు. మామయ్యగారు ఎనభైమందికి భోజనాలన్నారు. నేను ఎనిమిదిమంది అన్నాను. బేరం కుదరడానికి వారం పట్టింది. వ్యాపారంలో పండిపోయిన ఆయన, నా మొహం చూసి, తొమ్మిది దగ్గర ఆగిపోయారు.

తర్వాత నిబంధనలు. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు, మూడు భాషల్లోనూ రంగురంగుల పెన్నులతో అట్ట మీద రాసి మెట్ల దగ్గర వేలాడదీశాను. మెట్ల మలుపులో బకెట్టు, సబ్బు, తువ్వాళ్ళు, మాస్కుల డబ్బా. నుదుటికి గురిపెట్టి చూసే థర్మామీటరు ఒకటి కొన్నాను. మామయ్యగారు అట్టను మూడు భాషల్లోనూ చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని అడిగారు.

"ఇది అన్నప్రాసనేనా అమ్మా, పాస్‌పోర్టు ఆఫీసా?"

"పిల్ల ఊపిరి సంగతి మావయ్యా. నవ్వులాట కాదు."

"నవ్వలేదు. నా సంతకం ఎక్కడెట్టాలో సూస్తన్నాను."

ఆయనను వదిలేశాను. ఆ పట్టుదలలో నాకు ఎవరి హాస్యమూ చెవికెక్కేది కాదు. పిల్ల పుట్టిన మొదటి పది రోజులు దాన్ని గాజుపెట్టెలో చూశాను. రెండోసారి అలా చూడనని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టులో తప్పేమీ లేదు. తప్పంతా నా ముక్కులో ఉంది.

వేడుకకు రెండు రోజుల ముందు గుంటూరు నుంచి కొత్త సరుకు లారీ దిగింది. ఆ సాయంత్రమే నాకు గొంతు గరగరలాడింది. మర్నాటికి ముక్కు కారడం మొదలైంది. వరసగా తుమ్ములు, మోటారు స్టార్టవ్వనట్టు, నాలుగేసి. నడుముకు ఒక చేతిరుమాలు దోపుకుని పనిలో పడ్డాను. అత్తయ్య వంటింట్లో పరమాన్నానికి బియ్యం ఏరుతూ రెండుసార్లు నన్ను తేరిపార చూసింది.

"ముక్కు కారతంది, ఏటమ్మా?"

"ఘాటత్తయ్యా. కొత్త సరుకు దిగింది కదా."

"నీకు ఘాటు అలవాటైపోయి మూడేళ్ళైపోనాది కదే."

"ఈసారి సరుకు మంచిదేమో."

అత్తయ్య మరి మాట్లాడలేదు. మా సరుకును మెచ్చుకున్నాక ఆ ఇంట్లో ఎవరూ మరి మాట్లాడరు.

ముహూర్తం రోజున పొద్దున్నే మెట్ల పైన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అందరికీ మాస్కులు పంచాను. నేను మాత్రం పెట్టుకోలేదు. పెట్టుకుంటే నిబంధనలు ఎంత గట్టిగా చదివినా గొంతు సరిగా వినిపించడం లేదు. పంతులుగారు రాగానే ఆయన నుదుటికి థర్మామీటరు గురిపెట్టాను. ఆయన జీవితంలో తొలిసారి మంత్రం మర్చిపోయి చేతులు రెండూ పైకెత్తేశారు. మా తోటికోడలి చేతులు రెండోసారి కడిగించాను. సరిగ్గా అప్పుడే మెట్ల కింద దగ్గు వినిపించింది.

పెద్దత్తయ్యగారు వచ్చారు. మామయ్యగారి అక్క, ఈ ఇంట్లోనే పుట్టిన ఆడపడుచు. పురుషోత్తంపూర్‌లో ఉంటారు. మా ఇంటి ఆనవాయితీ ఏమిటంటే, అన్నప్రాసనలో బిడ్డ నోట తొలి ముద్ద ఇంటి పెద్దాడపడుచే పెట్టాలి. మావారికి ఆవిడే వెండిగిన్నెలోంచి పెట్టారు. ఆ వెండిగిన్నే చీరకొంగులో చుట్టుకుని, తెల్లవారుజామున బస్సెక్కి, డెబ్బై ఏళ్ళ మోకాళ్ళతో మెట్లెక్కుతున్నారు. మెట్టుకో దగ్గు.

చేతులు కడుక్కున్నారు, మాస్కు పెట్టుకున్నారు, నుదురు చూపించారు. జ్వరం లేదు. నా ముందుకొచ్చి మళ్ళీ దగ్గారు. నేను కుర్చీలోంచి లేచి, తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

"పెద్దత్తయ్యా, మీరు లోపలికి రాకండి. పిల్లకి మంచిది కాదు."

"ఏటి మంచిది కాదు?"

"దగ్గుతున్నారు కదండీ."

"ఈ మెట్ల మీద దగ్గకుండా ఎవులెక్కినారమ్మా? నాను పుట్టిన ఇల్లిది. పెళ్ళై ఎల్లిపోయి యాభై ఏళ్ళైనాది, ఘాటు అలవాటు తప్పిపోనాది. సందు సివర దిగినప్పుడు నాకు దగ్గు నేదు."

"అది ఘాటో జలుబో ఎలా తెలుస్తుందండీ? వైరస్ కంటికి కనపడదు."

"నీకు కనపడతన్నట్టుంది కదా," అన్నారావిడ. కోపంగా అనలేదు, అని ఉంటే ఇంకా నయంగా ఉండేది. వెండిగిన్నెను మెల్లగా కొంగులోంచి విప్పి, గుమ్మం పక్కన పెట్టి, గోడ పట్టుకుని మెట్లు దిగిపోయారు. ఆ క్షణంలోనే నాకు నాలుగు తుమ్ములొచ్చాయి. ఆవిడ మలుపులో ఆగి, వెనక్కి తిరిగి నన్ను ఒకసారి చూశారు.

మామయ్యగారు లోపల్నుంచి అంతా విన్నారు. ఆ తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పెద్దత్తయ్యగారు సందు చివర బట్టలకొట్టు అరుగు మీద గంటసేపు కూర్చున్నారట. అక్కడ ఒక్కసారి కూడా దగ్గలేదని ఆ కొట్టాయన తర్వాత అందరికీ చెప్పాడు, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ.

మేం లోపల గది బిగించుకున్నాం. కిటికీలు మూశాను, తలుపు కింద సందులో తడితువ్వాలు కుక్కాను. పచ్చడి జాడీకి కూడా అంతకన్నా గాలి తగులుతుంది. మిగిలిన ఎనిమిదిమంది చెమటలు కక్కుతూ కూర్చుంటే, నేను మధ్యలో, మాస్కు లేకుండా, తుమ్ముతూ. పెద్దత్తయ్యగారి బదులు నేనే తొలిముద్ద పెట్టాను.

తర్వాత పిల్ల ముందు వస్తువులు పేర్చారు. పుస్తకం, కలం, బంగారు గొలుసు, పువ్వు, మామయ్యగారి తరఫున ఒక చిన్న తక్కెడ. ఏది పట్టుకుంటే ఆ విద్య అబ్బుతుందంటారు. చిన్నికి పాకడం ఇంకా రాదు, పొట్ట మీద ఈదుకుంటూ కదులుతుంది. పుస్తకాన్ని దాటింది. బంగారాన్ని లెక్కచెయ్యలేదు. తక్కెడ దగ్గర ఒక క్షణం ఆగితే మామయ్యగారు మాస్కులోంచే ఊపిరి బిగబట్టారు. అదీ దాటేసి నా ఒళ్ళోకొచ్చి, నడుముకున్న చేతిరుమాలు లాగి, రెండు చేతులతో పట్టుకుని నోట్లో కుక్కుకుంది.

అందరూ నవ్వారు. మా తోటికోడలు, "రుమాళ్ళ యాపారం సేస్తాది" అంది. అత్తయ్య ఒక్కతే నవ్వలేదు.

"అది నువ్వు ముక్కు తుడుసుకున్న గుడ్డ కదే," అంది.

నేను రుమాలు లాక్కున్నాను. పిల్ల చేతులు సబ్బుతో కడిగాను, మూడుసార్లు. లోపలికి వెళ్ళిపోయిన దాన్ని ఏ సబ్బూ కడగలేదని బీయస్సీలో చెప్పే ఉంటారు. ఆ రోజు నేను క్లాసుకు వెళ్ళలేదేమో.

నాలుగో రోజు చిన్నికి ముక్కు కారింది. అయిదో రోజు దగ్గు. ఆరో రోజు పొద్దున్న పాలు పట్టబోతే రెండు గుక్కలు తాగి వదిలేసి ఊపిరి కోసం మొహం తిప్పుకుంది. చొక్కా ఎత్తి చూశాను. ప్రతి ఊపిరికీ పక్కటెముకల కింద చర్మం గుంటపడుతోంది. ఊపిరి పరుగెత్తుతోంది. రాత్రి కట్టిన గుడ్డ పొడిగానే ఉంది. ఇక్కడ నేను హాస్యమాడలేను. ఏడాది గడిచినా రోజూ పొద్దున్నే దాని చొక్కా ఎత్తి చూస్తాను.

మావారు బండి తీశారు. డాక్టరమ్మ మమ్మల్ని వరసలో నిలబెట్టకుండా లోపలికి పిలిచి, వేలికి ఒక మిషను తగిలించి చూసి, ఆసుపత్రిలో చేర్చమన్నారు. ఆక్సిజన్ పెట్టాలి, ముక్కులో ఉప్పునీటి చుక్కలు వెయ్యాలి, పాలు కొంచెం కొంచెంగా పట్టాలి. యాంటీబయాటిక్ రాయమని నేను బతిమాలాను. వైరస్ మీద అది పనిచెయ్యదని, పిల్ల ఒళ్ళే దాన్ని గెలవాలని, మనం దానికి ఊపిరి, నీరు అందిస్తూ కాపలా ఉండాలని చెప్పారు. అలా చెబుతూనే ఒడియాలో అడిగారు, ఇంట్లో ఎవరికి జలుబు అని.

ఎవరికీ లేదన్నాను. ఒక పెద్దావిడ దగ్గుతూ వస్తే లోపలికి రానివ్వలేదని కూడా చెప్పాను. ఆ పరిస్థితిలోనూ నా గొంతులో కాస్త గర్వం ఉంది. అంటూనే తుమ్మాను.

డాక్టరమ్మ రాయడం ఆపారు. "మీకెన్నాళ్ళ నుంచి?"

"నాది జలుబు కాదండీ. మిరపకాయ ఘాటు. కింద గోదాము."

ఆవిడ బల్ల కిందకు వంగి చూశారు. తలుపు వెనక చూశారు. మళ్ళీ నా వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అడిగారు.

"ఇక్కడెక్కడ ఉన్నాయమ్మా మిరపకాయలు?"

నేను చుట్టూ చూశాను. శుభ్రమైన గది. తెరిచిన కిటికీ. బయట వేపచెట్టు. మా గోదాము అక్కడికి నాలుగు కిలోమీటర్లు. ఆ నాలుగు కిలోమీటర్లు మిరపకాయ నా ముక్కు పట్టుకుని రాలేదు. వచ్చింది వేరే.

ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. విడమరిచి చెప్పారు. ఘాటు దగ్గు చోటు మారితే పోతుంది, జలుబు మనతోపాటే వస్తుంది. జలుబు బయటపడక ముందు ఒకటి రెండు రోజుల నుంచే మనం దాన్ని పంచిపెడుతూ ఉండవచ్చు. తుమ్మినప్పుడు, మాట్లాడినప్పుడు సన్నటి తుంపరలు గాలిలో కలుస్తాయి, మూసిన గదిలో అవి ఎక్కడికీ పోలేక అక్కడే తిరుగుతాయి. మీ బకెట్టు మంచిదే, సబ్బు మంచిదే, మాస్కులూ మంచివే, కానీ మాస్కు పెట్టుకోవలసిన మనిషి ఒక్కరే పెట్టుకోలేదు, అన్నారు. కొత్త మాస్కు తీసి నా చేతిలో పెట్టారు. పాలివ్వడం మానొద్దని, మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని ఇమ్మని చెప్పారు.

రెండు రోజులు చిన్ని ముక్కుకు గొట్టంతో పడుకుంది. రెండు రోజులూ నేను మాస్కు తియ్యలేదు, తిండికి తప్ప, అదీ వరండా చివరికి పోయి. ఏడవలేదు కూడా. ఏడిస్తే మాస్కు తడుస్తుంది, మార్చాలి. అత్తయ్యతో ఫోనులో మొత్తం చెప్పేశాను. ఆవిడ, "ఇదే నాను ఆరోజు సెప్పబోతే సరుకు మంచిదన్నావు," అంది.

మూడో రోజు పొద్దున్న పక్కటెముకల గుంట పూడింది. చిన్ని గుక్క తిప్పుకోకుండా పాలు తాగి, నా మాస్కు దారం పట్టుకుని లాగింది. నేను మొదట పురుషోత్తంపూర్‌కు ఫోను చేశాను.

పెద్దత్తయ్యగారు ఆ మధ్యాహ్నమే వచ్చారు. వార్డు గుమ్మం బయటే ఆగారు. నన్ను చూడగానే సంచిలోంచి సబ్బు తీసి చేతులు కడుక్కొచ్చారు, మాస్కు కట్టుకున్నారు, కొంగు వెనక్కి తీసి నుదురు ముందుకు చాపారు.

"ఎట్టు. నీ తుపాకీ ఎక్కడ?"

నేను కాళ్ళ మీద పడబోయాను. ఆవిడ రెండడుగులు వెనక్కి వేశారు.

"దూరం దూరం. జలుబు నీది. ఆరోజు మెట్ల మీద నీ తుమ్ములు ఇన్నప్పుడే అనుకున్నాను, ఇది ఘాటు తుమ్ము కాదని. ఘాటు తుమ్ము పొడిగుంటాది."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదండీ."

"తలుపుకడ్డంగా నిలబడ్డ మనిషికి ఏటి సెప్తాం?"

ఫాల్గుణంలో తొలిముద్ద మళ్ళీ పెట్టించాం, ఈసారి మేడ మీద, ఆరుబయట, ఎనిమిదిమందే, అందరూ ఎడం ఎడంగా. నా జలుబు పోయి అప్పటికి మూడు వారాలైంది. అయినా మెట్ల పైన కుర్చీలో పెద్దత్తయ్యగారు కూర్చున్నారు, చేతిలో నా థర్మామీటరు. ఆవిడ ఒక కొత్త నిబంధన పెట్టి, నా అట్ట మీద నా చేతే మూడు భాషల్లోనూ రాయించారు. మా ఇంటి మెట్ల మీద దగ్గినవాళ్ళు వెనక్కి తిరిగి సందు చివర బట్టలకొట్టు అరుగు దాకా వెళ్ళి, పావుగంట కూర్చోవాలి. అక్కడా దగ్గో తుమ్మో వస్తే ఇంటికెళ్ళిపోవాలి. రాకపోతే చేతులు కడుక్కుని పైకి రావచ్చు. డాక్టరమ్మకు ఈ పరీక్ష సంగతి చెబితే నవ్వి, అరుగును మరీ నమ్ముకోకండి, అనుమానం ఉంటే ఎవరైనా మాస్కే పెట్టుకోవాలి అన్నారు. అదీ రాశాం. కిటికీలు ఇప్పుడు తెరిచే ఉంటాయి, సందువైపువి కావు, మేడవైపువి. అవి అక్కడ ఉన్నాయని నాకు ముందే తెలుసు. తెరవడమే తోచలేదు.

ఆ రోజు పెద్దత్తయ్యగారు వెండిగిన్నెలోంచి ముద్ద పెడితే చిన్ని చప్పరించి, రెండోదానికి నోరు తెరిచింది. మామయ్యగారు అందరికీ మిఠాయి పంచారు.

కాబట్టి చదువరులారా, మా కొట్లో ఉన్న ప్రతి బస్తా సాక్షిగా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా తుమ్మును ఏ మిరపకాయ మీదకూ నెట్టను. నాకు గొంతు గరగరమంటే ముందు నా మూతికే మాస్కు కడతాను, తర్వాతే ఊరివాళ్ళను చూస్తాను. నెల తక్కువ బిడ్డ ఊపిరికి కాపలా కూర్చున్నప్పుడు, జాబితాలో మొదటి పేరు నాదే రాస్తాను.

ఈ ప్రమాణాన్ని ఇంట్లో అందరి ముందూ, గోదాములో నిలబడి, గట్టిగా చదివాను. చివరి మాట దగ్గర దగ్గొచ్చింది. నిజంగా ఘాటేనండి, అప్పుడే ఎవరో బస్తా విప్పారు. మామయ్యగారు తక్కెడ మీంచి తలెత్తకుండానే సందు చివరి వైపు వేలు చూపించారు.

వెళ్ళి పావుగంట కూర్చుని వచ్చాను.